బాలింత మూల

కడప జిల్లాలో చేపల ఉద్యోగం అంటే ఇప్పటికీ నవ్వేవాళ్ళున్నారు. నేను చేరిననాడు ఇంకా గట్టిగా నవ్వారు. మా నాయన ప్రొద్దుటూరులో ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు. కొడుకుకు సర్కారు ఉద్యోగం వచ్చిందని ఆయన సంబరంగా చెప్పుకుంటే, ఎదురింటి గానుగాయన అంతా విని, "పెన్నేట్లో నీళ్ళే లేవు గదప్పా, చాపలు యాడ పడతాడు మీవోడు? ఇసకలో ఏరుకుంటాడా?" అన్నాడు. మా నాయన ఆ పూట అన్నం సరిగా తినలేదు. గానుగాయన మాటలో సగం నిజం ఉందని నాకు మొదటి ఎండాకాలంలోనే తెలిసింది.

ఇప్పుడు పెన్షన్ వస్తోంది, మోకాళ్ళు నొస్తున్నాయి, చెప్పడానికి కావలసినంత తీరిక ఉంది. శాఖలో కొత్తగా చేరినవాళ్ళు అప్పుడప్పుడూ మా ఇంటికొచ్చి కూర్చుంటారు. ఏ పరీక్ష రాస్తే ఎంత తొందరగా పైకి పోవచ్చో అడుగుతారు. ఆ సంగతి నాకు తెలియదు. తెలిసి ఉంటే నేనే పోయి ఉండేవాణ్ణి. నాకు తెలిసిందల్లా కొన్ని నీళ్ళు, కొన్ని చేపలు, వాటి చుట్టూ బతికిన కొంతమంది మనుషులు. అదే రాస్తాను. చదివి మనసు పాడైతే నన్ను తిట్టుకోవద్దు. ఈ ఉద్యోగం సరదాగా ఉంటుందని నేనెవరికీ మాటివ్వలేదు.

నీళ్ళు లేని చోట

నాకు అప్పగించింది ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల ప్రాంతం. ఒక ఏరు, దాంట్లో కలిసే వంకలు, వానదేవుడికి గుర్తొచ్చినప్పుడు నిండే చెరువులు. సైకిలు నాది, పంక్చర్లు నావి. జనం నన్ను చాపల సాయిబు అనేవాళ్ళు. మొదట్లో కోపం వచ్చేది, తర్వాత అదే నా పేరైంది.

చేరిన కొత్తల్లో చక్రాయపేట దిక్కు ఒక చెరువు చూడడానికి పోయాను. నీళ్ళు ఇంకిపోయి, అడుగు నెర్రెలిచ్చి ఉంది. ఇక్కడ చేపలు లేవని పైకి చెప్పేశాను. కొన్నాళ్ళకు రైతులు ఆ చెరువు మట్టిని పొలాలకు తోలుకోవడానికి బండ్లు కట్టారు. పార దించినచోటల్లా కొర్రమీన్లు బయటపడ్డాయి, ప్రాణంతో. నెర్రెల కింద ఇంకా తడి ఉన్న మట్టిలో దూరి, పైన గాలి పీల్చుకుంటూ వానకోసం కాచుకుని ఉన్నాయవి. వాటిని బుట్టల్లో వేసుకుని రైతులు పులివెందుల సంతకు తెచ్చారు. నేనక్కడే వంకాయలు బేరమాడుతున్నాను. "ఏం సాయిబూ, లేవన్న చాపలు కొంటావా?" అని ఒకాయన అడిగాడు. కొన్నాను. ఎండిన చెరువును చచ్చిన చెరువనుకోవద్దని ఆ పూట కూరతో పాటు నేర్చుకున్నాను.

మాకొక పెద్దాఫీసరు ఉండేవాడు. గోదావరి నీళ్ళు తాగి పెరిగిన మనిషి. మన యాసకు నవ్వేవాడు, మన ఏటిని చూసి జాలిపడేవాడు. ఆ దిక్కునుంచి బొచ్చె, శీలావతి చేపపిల్లలను కుండల్లో పెట్టించి రైల్లో ఎర్రగుంట్లకు తెప్పించాడు. తెల్లవారుజామునే చెరువులో వదిలేద్దామని నేనంటే ఒప్పుకోలేదు. ఎవరో పెద్దమనిషి చేతుల మీదుగా వదలాలన్నాడు. ఆ పెద్దమనిషి మిట్టమధ్యాహ్నం దాటాక వచ్చాడు. కుండలకు పూలదండలు వేసి ఉన్నాయి, లోపల పిల్లలు వెల్లకిలా తేలి ఉన్నాయి. అయినా వంచారు. నీళ్ళు దూకిన ఊపుకు చచ్చిన చేపపిల్ల కూడా కొంతదూరం పోతుంది, గట్టున ఉన్నవాళ్ళకు ఈదినట్టే కనిపిస్తుంది. జనం చప్పట్లు కొట్టారు. ఆఫీసరు చెడ్డవాడు కాదు. చేప కంటే పైవాడి కారుకు ఎక్కువ భయపడ్డాడు, అంతే. మీరు కూడా భయపడతారు. భయపడినా కుండలను నీడలో పెట్టించండి.

కొర్రమీను సంసారం

బొచ్చెకూ శీలావతికీ వరద కావాలి. కొత్తనీళ్ళు వస్తేనే వాటికి ఒళ్ళు పులకరిస్తుంది. ఎదురెక్కి పోయి, గుడ్లు ఏటిపాలు చేసి వెనక్కి తిరగకుండా పోతాయి. పుట్టినవి పుడతాయి, పోయినవి పోతాయి. మా ఏటిలాంటి ఏటికి ఆ పద్ధతి పనికిరాదు. మాకు కొర్రమీనే సరైన చేప. అది సంసారం చేసే చేప.

జమ్ముగడ్డిలో, మోకాలు మునగని నీళ్ళలో, మగదీ ఆడదీ కలిసి నాచును నోటితో పీకి, తోకతో తోసి, తాంబాళమంత జాగా శుభ్రం చేసుకుంటాయి. ఆడది అక్కడ గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు మునగవు, తేనెరంగులో నీటిమీద తేలుతుంటాయి. ఒకటి రెండు రోజుల్లోనే పిల్లలవుతాయి. పిల్లలు ఎర్రగా ఉంటాయి, కుంకుమ కలిపిన సున్నం రంగు. అన్నీ ఒకే గుంపు. గాలికోసం పైకి వచ్చినప్పుడు అక్కడ నీళ్ళు సన్నగా ఉడుకుతున్నట్టు కనిపిస్తాయి. ఆ గుంపు కిందనే తల్లీ తండ్రీ ఉంటాయి. కప్ప వచ్చినా, పాము వచ్చినా, మనిషి కాలు పెట్టినా మీదపడి కరుస్తాయి. నా కాలి బొటనవేలి మీద ఒక గాటు ఇప్పటికీ ఉంది.

దానికి ఆ కాపలానే చావు. మిగతా చేపలు మనిషి నీడ పడగానే మాయమవుతాయి. పిల్లలున్న కొర్రమీను మాత్రం కదలదు. ఎర్రగుంపు కనబడిందంటే దాని కింద ఈటె దించితే చాలు, గురి కూడా అక్కర్లేదు. పెద్దవి పోయిన పూటనుంచే పిల్లలను చుట్టుపక్కల చేపలు మింగడం మొదలుపెడతాయి. అంటే ఒక చేపను పట్టినవాడు నిజానికి పట్టింది ఒక చేపను కాదు, వచ్చే ఏటి చేపలన్నిటినీ.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. పిల్లలు వేలెడు పొడుగై, ఎరుపు పోయి నల్లబడగానే కాపలా తీరిపోతుంది. ఆ తర్వాత అడ్డం వస్తే వాటిని ఆ తల్లిదండ్రులే తింటాయి. దీంట్లో నీతి వెతకొద్దు. చేప తన పని తను చేసుకుంటుంది.

ఏటిగడ్డ మీద ఆచారం

గండికోట కింద పెన్న గండి దాటి కాస్త వెడల్పయ్యే చోట ఒక మడుగు ఉండేది. ఎంత ఎండలకైనా అడుగంటని మడుగు. ఒక దిక్కు నిలువు బండ, ఇంకో దిక్కు జమ్ము. గట్టు మీద బెస్తవాళ్ళ గుడిసెలు కొన్ని. జమ్ము దట్టంగా ఉన్న మూలను వాళ్ళు బాలింత మూల అనేవాళ్ళు. ఏటా కొర్రమీన్లు పిల్లలు పెట్టేది అక్కడే. పిల్లలు ఎర్రగా ఉన్నన్నాళ్ళు ఆ మూలలో వల పడదు, గాలం పడదు, ఈటె దిగదు.

ఆ మూలకు కావలి ఎవరు కాయాలనేదానికి వాళ్ళకొక పద్ధతి ఉంది. అట్లాంటిది నేను ఇంకెక్కడా వినలేదు. ఏ గుడిసెలో ఆడమనిషి కొత్తగా కని ఉంటుందో, ఆ గుడిసె మగవాడు ఏట్లో ప్రాణి చంపకూడదు. వల ముట్టకూడదు, ఈటె పట్టకూడదు. వేటకు పోలేడు కాబట్టి మూలకు అతనే కావలి. అతని ఇంటికి మిగతా గుడిసెలవాళ్ళు తమకు పడిన చేపల్లో తలా ఇంత ఇచ్చిపోవాలి. కావలివాని కడుపు ఊరు నింపాలి, ఊరి మూలను కావలివాడు కాపాడాలి. శాఖ పెట్టిన ఏ నిబంధన కంటే ఇది బాగా పనిచేసేది.

దీన్ని నాకు మొదట చెప్పింది ఓబులేసు. ఆ గుడిసెల్లో ఒక యువకుడు, మాటకారి. "ఇంట్లో బాలింతను పెట్టుకోని ఏట్లో బాలింతను చంపుతామా సాయిబూ? చేతులెట్ల వస్తాయి?" అన్నాడు. అతను చెప్పినవన్నీ నిజాలని అనుకోవద్దు. తొలకరి వాన చుక్కల్లోనే చేప విత్తనం రాలుతుందని ప్రమాణం చేసి చెప్పేవాడు. తల్లి ఒక్కటే కావలి కాస్తుంది, మగది తిరుగుబోతు అనేవాడు. మగదే ఎక్కువ కాస్తుంది, నేను కళ్ళారా చూశానని అంటే, "మగోడివి కదా, మగోళ్ళ పక్కే మాట్లాడతాండావు" అని అతని భార్య గంగమ్మ గుడిసెలోంచి నవ్వేది. నేను పోయినప్పుడల్లా ఆమె రాగిసంగటి పెట్టేది. నన్ను అన్నా అని పిలిచేది. అప్పుడామెకు నెలలు నిండుతున్నాయి.

కరువు

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలవి. రెండేళ్ళుగా వాన లేదు. జొన్న ఎండింది, కొర్ర ఎండింది, పశువులను వచ్చిన ధరకు తోలేశారు. కొన్నిచోట్ల గంజి పోసేవాళ్ళు, కొన్నిచోట్ల రోడ్లకు కంకర కొట్టే కరువు పని పెట్టారు. తొండూరు దిక్కునుంచి కూడా జనం నడిచి వచ్చేవాళ్ళు. పెన్న మొత్తం ఇసుకే. ఆ మడుగొక్కటే మిగిలింది.

ఏటి మడుగుల్లో ఎవరు చేపలు పట్టుకున్నా అడ్డు చెప్పొద్దని నాకు పైనుంచి మాట వచ్చింది. ఆ మాట తప్పని నేననను. ఆకలి రుచెరగదంటారు, అది నియమం మాత్రం ఎరుగుతుందా? మెట్ట ఊళ్ళనుంచి జనం దిగారు. ఊతబుట్టలు, గంపలు, పాత చీరలు, చేతికేది దొరికితే అది పట్టుకుని మడుగులో దిగి కలబెట్టారు. నీళ్ళు బురదైతే చేప ఊపిరాడక పైకొస్తుంది, పైకొస్తే గంపలో పడుతుంది.

నేను కోరింది ఒక్కటే. బాలింత మూలను వదిలెయ్యండి. అక్కడ అప్పుడే కొర్రమీన్ల జత ఒకటి పిల్లలు పెట్టింది. ఆ ఎర్రగుంపు బతికితే, వరద వచ్చేనాటికి మడుగులో మళ్ళీ చేప ఉంటుంది, గట్టుమీద బెస్తవాళ్ళు ఉంటారు. అది పోతే రెండూ పోతాయి. ఈ మాట ఆకలితో ఉన్నవానికి చెప్పడం ఎంత సిగ్గుగా ఉంటుందో మీకు ఎప్పటికీ తెలియకూడదని కోరుకుంటాను.

నాకు తోడు నిలిచింది పక్క ఊరి రైతు కొండారెడ్డి. భూములున్నవాడు, నోరున్నవాడు, అతని మాటంటే ఆ చుట్టుపక్కల జడుపు. గట్టుమీద కర్ర ఆనించుకుని నిలబడి, "సాయిబు చెప్పింది విన్నారు గదా. మడుగంతా మీదే. ఆ జమ్ము దిక్కు పోయినోని కాళ్ళు ఇరగ్గొడతా. నా కొడుకైనా సరే" అన్నాడు. జనం ఆగారు. కొండారెడ్డి కర్రకు భయపడి కొంతమంది, బాలింత మూల అనే మాటకు భయపడి కొంతమంది.

ఆ వారంలోనే గంగమ్మ ఆడపిల్లను కన్నది. ఆచారం ప్రకారం ఓబులేసు కావలికి కూర్చున్నాడు.

మొదట్లో గుడిసెలవాళ్ళు ఆచారం తప్పలేదు. తలా ఒక పరక చేపో, ఒక జెల్ల చేపో తెచ్చి గంగమ్మ గడప ముందు పెట్టిపోయారు. కానీ అన్ని ఊళ్ళవాళ్ళు కలబెట్టే మడుగులో బెస్తవానికి మాత్రం ఏం మిగులుతుంది? రోజురోజుకూ చేప సన్నమైంది, తర్వాత ఆగిపోయింది. ఇచ్చేవాళ్ళ పొయ్యిలోనే పిల్లి పడుకుంది. కావలివాణ్ణి మాత్రం కావలినుంచి ఎవరూ దించలేదు. అతను వేటకు పోకూడదు, కంకర పనికి పోతే మూల దగ్గర ఎవరుంటారు?

ఓబులేసుకు కావలి కూలి ఇప్పించమని నేను మా ఆఫీసరును అడిగాను. అదే, కుండలకు దండలు వేయించినాయన. "ఏటికి కావలి ఏమిటయ్యా? రేపు గాలికి కూడా కావలి అడుగుతావు" అన్నాడు. ఆయన చిన్నప్పటినుంచి చూసిన ఏటికి నిజంగానే కావలి అక్కర్లేదు. అయినా ఆయన మీద కోపం నాకు ఇంకా తగ్గలేదు. నా ఇంటినుంచి జొన్నలు కొన్ని సైకిలుకు కట్టుకుని తీసుకుపోయాను. ఒకరికిస్తే పదిమంది చూస్తారు. ఓబులేసు ఆ జొన్నలను తన గుడిసెలో ఒక్కడే ఉంచుకోలేదు, పంచాడు. పంచవద్దని ఎట్లా చెప్పేది?

ఆ పొద్దు

నేను మళ్ళీ పోయేసరికి గంగమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పెదాలు సున్నం కొట్టినట్టున్నాయి. కనేటప్పుడు రక్తం శానా పోయిందట, ఆ తర్వాత ఒంటికి పట్టిందేమీ లేదు. పాలు లేవు. పిల్ల ఏడవడం కూడా మానేసింది. మంత్రసాని గడపలో కూర్చుని ఒకే మాట చెబుతోంది. "కొర్రమీను చారు తాగించండప్పా. అది పడితే రక్తం పడతాది, పాలు పడతాయి. లేకుంటే ఇద్దరూ దక్కరు."

ఆ మాట ఆ నేలమీద అందరూ నమ్మేదే. మా అమ్మ కూడా నమ్మేది. మడుగులో కొర్రమీను అంటూ ఉంటే ఎర్రగుంపు కింద ఉన్న ఆ రెండే.

జమ్మలమడుగు ఆస్పత్రికి తీసుకుపోదామని నేనన్నాను. కొండారెడ్డి వెంటనే బండి ఇస్తానన్నాడు. కానీ ఎద్దులు కరువు పనిలో రాళ్ళు మోస్తున్నాయి, పొద్దున్నే తోలిస్తానన్నాడు. ఓబులేసు మూల దగ్గరికి పోయి ఎప్పటిలాగే కూర్చున్నాడు. ఆ రాత్రి నేను కొండారెడ్డి ఊళ్ళోనే ఉండిపోయాను.

తెల్లవారి బండి కంటే ముందు నేనూ కొండారెడ్డీ నడిచి వచ్చేసరికి ఎండెక్కింది. మడుగులో జనం అప్పటికే గంపలతో ఉన్నారు. బండి ఇంకా ఇసుకలో ఈడ్చుకుంటూ రావాలి. ఓబులేసు జమ్ము దగ్గర మోకాలు లోతున నిలబడి ఉన్నాడు. చేతిలో మూడు మొనల ఈటె. తలగుడ్డ తీసి నడుముకు కట్టుకున్నాడు.

నేను పిలిచాను. తిరిగి చూశాడు. నాకు కాదు, జనానికి వినబడేటట్టు చెప్పాడు. "అందరూ చూడండప్పా. దొంగతనంగా చేస్తాండేది కాదు. నా పెండ్లాం సస్తాంది. నేను చేస్తాండా."

ఈటె దించాడు. చేప మోచేతి కంటే పొడుగుంది, ఈటె మొనల మీద మెలికలు తిరిగింది. రెండోది పారిపోలేదు. అతని పిక్క పట్టి కరిచింది, వదిలి మళ్ళీ పిల్లల కిందికి పోయింది. అతను దాని జోలికి పోలేదు. రక్తం కారే కాలితో గట్టెక్కి, ఎవరి మొహమూ చూడకుండా గుడిసెలోకి పోయాడు.

నీళ్ళలోంచి ఎవరో అన్నారు: "కంచే చేను మేసె. ఇంగ మనకేంది?" ఆ మాటన్నది ముసలామె. కోపంగా కూడా అనలేదు.

నేను కొండారెడ్డి వైపు చూశాను. అతను కర్రను ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. "ఇంగ నాకు నోరు లేదు సాయిబూ" అన్నాడు. "ఆయప్పను కొట్టలేను. ఆయప్పను కొట్టకుండా వీళ్ళనెట్ల కొట్టేది?" అని వెనక్కి తిరిగి బండికి ఎదురు నడిచాడు.

జనం జమ్ములోకి నడిచారు. నేను అరిచాను. ఒకామె చేతిలో గంప పట్టుకున్నాను కూడా. ఆమె నన్ను తిట్టలేదు, గంప లాక్కోలేదు, నేనెప్పుడు వదులుతానా అని నిలబడింది. వదిలేశాను. జమ్మును పీకారు, మూలను కలబెట్టారు. రెండో చేప దొరికింది. వేలికి కూడా రాని ఎర్రపిల్లలను చీరలతో దేవి, ఉడకబెట్టుకోవడానికి పట్టుకుపోయారు. బండి వచ్చేసరికి బాలింత మూల ఎక్కడుందో చూపించడానికి గుర్తు కూడా మిగలలేదు.

గంగమ్మకు చారు తాగించారు. ఎక్కడిదో ఆమెకు చెప్పలేదు. ఆమెనూ బిడ్డనూ బండిలో పడుకోబెట్టి జమ్మలమడుగు తీసుకుపోయాం. బిడ్డ దారిలోనే పోయింది. ఇసుక దాటి రోడ్డెక్కాక తెలిసింది. ఓబులేసు బిడ్డను తన తలగుడ్డలో చుట్టి, ఆస్పత్రి వచ్చేదాకా తల్లికి చెప్పలేదు.

గంగమ్మ బతికింది. డాక్టరమ్మ తమిళావిడ, నాతో ఇంగ్లీషులో మాట్లాడేది. సూదిమందులు వేసింది, పాలు పోయించింది, చాలా రోజులు ఉంచుకుంది. ఒకరోజు నేను ఆమెను పక్కకు పిలిచి, ఆ చేప చారు వల్ల ఏమైనా మేలు జరిగిందా అని అడిగాను. ఆవిడ నన్ను వింతగా చూసింది. ఒక పూట చారు ఎవరినీ బతికించదు, మందు పడింది కాబట్టి బతికింది, ఆ చేప తిన్నా తినకపోయినా ఒకటే అని చెప్పింది. వరండాలో ఓబులేసు గొంతుక్కూర్చుని మావైపే చూస్తున్నాడు. డాక్టరమ్మ ఏమందని అడిగాడు. నీ భార్యకు భయం లేదందని చెప్పాను. అది కూడా అంది కాబట్టి అబద్ధం కాదు.

మిగిలింది

ఏటిగడ్డ మీద ఎవరూ ఓబులేసును కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది, దెబ్బలు మానుతాయి. పొయ్యిలోకి నిప్పు అడిగితే ఇవ్వలేదు. గంగమ్మ నీళ్ళకు పోతే మిగతా ఆడవాళ్ళు కుండలెత్తుకుని లేచేవాళ్ళు. మడుగు తిన్నామె అని చాటున పేరు పెట్టారు. ఆ పేరు విన్నాకే తను తాగిన చారు ఎక్కడిదో ఆమెకు తెలిసింది.

ఆ ఏడు పెన్న వచ్చింది. ఇరుగట్లూ ఒరుసుకుని ఎర్రగా వచ్చింది. పైనుంచి బొచ్చెలు వచ్చాయి, వాలుగలు వచ్చాయి, వరదతో వచ్చి వరదతోనే పోయాయి. కొర్రమీను మాత్రం ఆ మడుగులో పిల్లలు పెట్టగా నేను చూడలేదు. ఏటా పోయి చూశాను. బెస్త గుడిసెలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. కొంతమంది ప్రొద్దుటూరులో పత్తి మిల్లుల్లో చేరారు, కొంతమంది బళ్ళారి దిక్కు కాలవ పనులకు పోయారు. ఓబులేసు, గంగమ్మ ఎక్కడికి పోయారో నాకు తెలియలేదు.

కొత్తగా చేరేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇది. చేపలు గుడ్లు పెట్టే కాలంలో వేట ఆపాలని మీరు చదువుకుని వస్తారు. నిజమే, ఆపాలి. కానీ ఆపిన ప్రతిరోజూ ఎవరిదో ఒకరి కడుపు ఆ రోజుకు ధర కడుతుంది. ఎవరిదో కనుక్కోండి. కావలి పెట్టేముందు కావలివాని ఇంట్లో పొయ్యి వెలిగిందా లేదా చూడండి. ఆ బెస్తవాళ్ళకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు, అందుకే ముందు కావలివానికి పెట్టారు. పెట్టడానికి లేని ఏడు ఏం చెయ్యాలో వాళ్ళ ఆచారంలో లేదు, మన శాఖలోనూ లేదు. కొండారెడ్డి దగ్గర కర్ర ఉంది, నా దగ్గర చదువుంది, మంత్రసాని దగ్గర చారు ఉంది. ఎవరి దగ్గరా అన్నం లేదు. ఆ రోజు అక్కడ చెడ్డవాడు ఎవరో ఎంత వెతికినా నాకు దొరకలేదు. దొరికి ఉంటే నాకు ఇన్నేళ్ళు ఇంత బాధ ఉండేది కాదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కొన్నేళ్ళకు, జమ్మలమడుగు దగ్గర పాడుబడ్డ బండల గనుల్లో నీళ్ళు నిలుస్తున్నాయి, చేపలు పెంచడానికి పనికొస్తాయా చూడమని నన్ను పంపారు. పక్కనే ఇంకా తవ్వుతున్న గని ఉంది. ఆడవాళ్ళు తట్టలతో రాతిచెక్కులు మోస్తున్నారు. అందులో ఒకామె తట్ట దించి, కొంగుతో మొహం తుడుచుకుని, "సాయిబన్న గదా?" అంది. గంగమ్మ. మొహమంతా రాతిదుమ్ము. మాట గుర్తుపట్టాను, మనిషిని గుర్తుపట్టలేకపోయాను.

ఓబులేసు ఎక్కడని అడిగాను. "పోయినాడు" అంది. "బండలు కొట్టి కొట్టి రొమ్ములో దుమ్ము చేరింది. దగ్గీ దగ్గీ పోయినాడు. రెండేండ్లాయ." పిల్లలు లేరు. మళ్ళీ కానుపు రాలేదు.

గనిలో నీళ్ళ గురించి ఏదో చెప్పాను. ఆమె వినలేదు.

"ఒక మాట అడుగుతా, నిజం చెప్పన్నా" అంది. "ఆస్పత్రిలో డాక్టరమ్మ నీతో ఇంగిలీసులో శానా మాట్లాడింది. ఆయన చూసినాడంట. ఆ చాప తాగకపోయింటే నేను బతుకుతాంటినా, సస్తాంటినా?"

చేపల గురించి అబద్ధం చెప్పడం నాకు అలవాటు లేదు. పైవాళ్ళ ముందు కూడా చెప్పలేదు, దానికి పడవలసిన తిట్లు పడ్డాను. ఈ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు.

"సచ్చేదానివమ్మా" అన్నాను. "ఆ చాపే నిన్ను బతికించింది. డాక్టరమ్మ అదే చెప్పింది."

ఆమె నా మొహంలోకి చూసింది. కళ్ళు తుడుచుకోలేదు.

"ఆయనా సచ్చేదాకా అదే అంటాండె" అంది. "నేనే నమ్మలే. నమ్మలేదని ఆయన మొగం మీదనే చెప్తాంటి."

గనిలోంచి మేస్త్రీ కేక వేశాడు. ఆమె తలమీద గుడ్డచుట్ట సర్దుకుని, తట్ట ఎత్తమంది. ఎత్తాను.